రొయ్య పెంకుల మాత్రలు, చేప నూనె గుళికలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చేపలు, రొయ్యలు శుద్ధి చేసే కర్మాగారాల్లో మిగిలిపోయే తలకాయలు, పెంకులు, తోళ్లు, పొలుసుల నుంచి తీసిన పదార్థాలు మాత్రలుగా, పొడులుగా, నూనె గుళికలుగా మన తిరుపతి, చిత్తూరు మందుల దుకాణాల్లోకి వచ్చి చాలా కాలమే అయింది. వీటి గురించి వరుసగా ఉత్తరాలు వస్తున్నందున ఈ సంచికలో ఆరోగ్య శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. పారేసే పెంకు నుంచి తీశారు కనుక ఇవి నాసిరకం అనుకోవడానికి వీల్లేదు. సముద్రం నుంచి వచ్చాయి కనుక మంచివే అయి ఉంటాయని నమ్మడానికీ వీల్లేదు. ఏ పదార్థం ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఎంతమంది మీద పరీక్షించినప్పుడు పనిచేసిందన్నది ఒక్కొక్కదానికీ విడివిడిగా చూడవలసిన విషయం.

ప్రశ్న: నాకు అరవై రెండేళ్లు. రెండు మోకాళ్లలోనూ అరుగుదల ఉందని ఎక్స్‌రే తీసి చెప్పారు. ఏటా అలిపిరి నుంచి కాలినడకన కొండ ఎక్కుతానని స్వామికి మొక్కుకున్నాను. రొయ్య పెంకుల నుంచి తీసిన గ్లూకోసమైన్ మాత్రలు ఆరు నెలలు వాడితే మోకాలి గుజ్జు మళ్లీ పెరుగుతుందని దుకాణంలో చెప్పి ఇచ్చారు. నిజమేనా? నాకు షుగరు, బీపీ కూడా ఉన్నాయి. (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: అమ్మా, అరిగిపోయిన గుజ్జును ఈ మాత్రలు తిరిగి పెంచుతాయనడానికి నమ్మదగిన రుజువు లేదు. గ్లూకోసమైన్ మన శరీరం తనంతట తాను తయారు చేసుకునే పదార్థమే, మోకాలి గుజ్జు నిర్మాణంలో దానికి పాత్ర ఉన్న మాటా నిజమే. అక్కడి నుంచే, బయటి నుంచి మింగితే అది నేరుగా మోకాలికి చేరి గుజ్జుగా మారుతుందనే ఊహ పుట్టింది. కానీ మింగిన గ్లూకోసమైన్‌లో చాలా భాగం కాలేయం దాటేలోపే మార్పు చెందుతుంది, కీలు దాకా చేరేది స్వల్పం.

దీని మీద జరిగిన పెద్ద పరీక్ష ఒకటి అమెరికా ప్రభుత్వ నిధులతో 1,583 మంది మోకాలి నొప్పి రోగుల మీద 24 వారాల పాటు సాగింది, ఫలితాలు 2006లో వెలువడ్డాయి. కొందరికి రోజుకు 1,500 మిల్లీగ్రాముల గ్లూకోసమైన్, కొందరికి 1,200 మిల్లీగ్రాముల కాండ్రాయిటిన్ (జంతువుల మెత్తటి ఎముకల నుంచి తీసే పదార్థం), కొందరికి రెండూ కలిపి, కొందరికి నొప్పి తగ్గించే మందు, కొందరికి ఏ మందూ లేని ఉత్త మాత్ర ఇచ్చారు. గ్లూకోసమైన్ తీసుకున్నవారిలో 64 శాతం మందికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. ఇంతవరకే చదివితే మాత్ర బ్రహ్మాండంగా పనిచేసిందనిపిస్తుంది. అయితే ఉత్త మాత్ర మింగినవారిలో కూడా 60 శాతం మందికి అంతే తగ్గింది. మోకాలి నొప్పి దాని స్వభావం చేతనే కొన్నాళ్లు పెరుగుతూ కొన్నాళ్లు తగ్గుతూ ఉంటుంది. నొప్పి బాగా ముదిరినప్పుడు మందు మొదలుపెడతాం, ఆ తరువాత అది తగ్గే దారిలో ఎలాగూ తగ్గుతుంది, పేరు మాత్రం మాత్రకు వస్తుంది. మీ ఇరుగుపొరుగువారు తమకు గుణం కనిపించిందని చెబితే వారు అబద్ధం చెబుతున్నారని కాదు, ఆ గుణం మాత్ర వల్లనే వచ్చిందో లేదో ఒక్కరి అనుభవం తేల్చలేదని మాత్రమే నా మనవి. నొప్పి ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న కొద్దిమందిలో రెండు మందులూ కలిపి వాడినప్పుడు కొంత తేడా కనిపించిన మాట వాస్తవమే, అయినా ఆ గుంపు చిన్నది కనుక పరిశోధకులే దాన్ని తుది మాటగా చెప్పలేదు. అంతకు ముందు 2001లో ఐరోపాలో 212 మంది మీద మూడేళ్లు జరిపిన ఒక పరీక్షలో కీలు సందు ఇరుకయ్యే వేగం తగ్గిందని చూపారు కానీ దానికి ఆ మందు తయారీదారుల మద్దతు ఉంది. అమెరికా కీళ్లవాత నిపుణుల సంఘం 2019 నాటి మార్గదర్శకాల్లో మోకాలి, తుంటి అరుగుదలకు గ్లూకోసమైన్ వాడవద్దని గట్టిగానే చెప్పింది.

మీరు ఇప్పటికే సీసా కొని ఉంటే భయపడవలసిన అవసరం లేదు, చాలామందికి కడుపు ఉబ్బరం, వికారం వంటి చిన్న ఇబ్బందులు తప్ప దీనితో హాని తక్కువ. మామూలు మోతాదులో రక్తంలో చక్కెర చెప్పుకోదగ్గంత పెరిగినట్టు పరీక్షల్లో కనిపించలేదు. అయినా మొదలుపెట్టిన నెలలో ఒకసారి చూపించుకోవడం మంచిది. గ్లూకోసమైన్ సల్ఫేట్ మాత్రల్లో ఆ పదార్థం నిలకడగా ఉండడానికి ఉప్పునో పొటాషియం క్లోరైడ్‌నో కలుపుతారు. బీపీ ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏది కలిపారో చూసుకోవాలి. గుండె కవాటం మార్పిడి జరిగో మరే కారణం చేతనో రక్తం పలచబడడానికి వార్ఫరిన్, అసినోకౌమరాల్ వంటి మందులు వాడుతున్నవారు మాత్రం గ్లూకోసమైన్‌ను డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోకూడదు, ఎందుకంటే ఆ మందుల ప్రభావం పెరిగి రక్తస్రావమైన సందర్భాలు నమోదయ్యాయి.

మీ మొక్కు సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. ఒక్కో మెట్టు మీద మోకాలి మీద పడే భారం మన బరువుకు ఎన్నో రెట్లు. బరువు ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూసిన అధ్యయనం ఉంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టి దించడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం వంటి తొడ కండరాల వ్యాయామాలు మూడు నెలలు విడవకుండా చేస్తే కలిగే మేలు ఏ మాత్రతోనూ రాదు. నొప్పి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ జెల్ పైపూతగా రాసుకోవచ్చు. ఎక్కడం కంటే దిగడం మోకాలికి కష్టం కనుక మొక్కు తీర్చుకుని దర్శనమయ్యాక బస్సులో దిగి రండి.

ప్రశ్న: మేము గుడ్డు కూడా ముట్టని వాళ్లం. నాకు రాసిన మోకాలి మాత్రలు రొయ్య పెంకుల నుంచి చేస్తారని ఈ మధ్యే తెలిసి మనసు చాలా బాధపడింది. ఏది శాకాహారమో మాలాంటి వాళ్లు ఎలా తెలుసుకోవాలి? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, ఈ విషయాన్ని రాసే డాక్టరు, అమ్మే దుకాణదారు ముందుగానే చెప్పి ఉండవలసింది. ఆహార అనుబంధాలుగా అమ్మే వాటి సీసా మీద శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, కాకపోతే గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం ఉండాలి. ఔషధాలుగా అమ్మే వాటికి ఈ గుర్తు తప్పనిసరి కాదు, అందువల్ల గుర్తు కనిపించనప్పుడు అడిగే తెలుసుకోవాలి. గ్లూకోసమైన్‌ను మొక్కజొన్న వంటివాటి మీద ఒక రకం బూజును పులియబెట్టి కూడా తయారు చేస్తారు, అది శాకాహారమే. రొయ్య పెంకుల నుంచే తీసే కైటోసాన్‌ను పుట్టగొడుగుల జాతి నుంచి, చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వును, రొయ్యల ఎర్రటి రంగు పదార్థమైన ఆస్టాజాంతిన్‌ను సూక్ష్మ నాచు నుంచి తీసిన రకాలూ ఉన్నాయి. కాండ్రాయిటిన్ విషయంలో మాత్రం మరింత జాగ్రత్త అవసరం, బజారులో దొరికేది ఎక్కువగా పశువుల, పందుల లేదా సొరచేపల మెత్తటి ఎముకల నుంచి వస్తుంది. గ్లూకోసమైన్‌తో కలిపి ఒకే మాత్రగా ఇచ్చినప్పుడు దీన్ని ఎవరూ విడిగా చెప్పరు. లోపలి మందు ఏదైనా మెత్తటి గుళిక తొడుగు పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తో చేసి ఉండవచ్చు. పై జవాబులో చెప్పిన ప్రకారం ఈ మాత్ర మానేస్తే మీ మోకాలికి పెద్దగా పోయేదేమీ లేదు కనుక, మనసొప్పనిది వాడవలసిన అవసరం మీకు లేదు.

ప్రశ్న: నేను బీఎస్సీ రసాయన శాస్త్రం చదివాను. మా ప్రాంతంలో వెనామీ రొయ్యల చెరువులు చాలా ఉన్నాయి. తలలు తీసే షెడ్ల దగ్గర పెంకులు గుట్టలుగా పడి కుళ్లుతుంటాయి. వీటి నుంచి ఆరోగ్యానికి పనికొచ్చే పదార్థాలు తీసే చిన్న పరిశ్రమ పెట్టవచ్చా? అందులో అసలు ఏముంటాయి? (ఒక పాఠకుడు, వాకాడు)

జవాబు: పెట్టవచ్చు, పెట్టాలి కూడా. మీరు చూస్తున్న ఆ గుట్ట తక్కువదేమీ కాదు. రొయ్యకు తల, పెంకు తీసేస్తే దాని బరువులో సగానికి దగ్గరగా పోతుంది. 2009లో మన దేశానికి వెనామీని అనుమతించిన తరువాత దేశంలో రొయ్యల పెంపకంలో మన రాష్ట్రమే ముందుంది కనుక, ఆ సగభాగం ఎంతై ఉంటుందో మీరే ఊహించండి.

ఎండిన పెంకులో మాంసకృత్తులు మూడో వంతు చుట్టుపక్కల, సున్నపు పదార్థమైన కాల్షియం కార్బోనేట్ అంతకు కాస్త అటూ ఇటూ, పెంకుకు గట్టిదనాన్నిచ్చే కైటిన్ 20 నుంచి 30 శాతం దాకా ఉంటాయి. కైటిన్‌ను 1811లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బ్రాకనో మొదట పుట్టగొడుగుల్లో గుర్తించాడు. సెల్యులోజ్ తరువాత ప్రకృతిలో విరివిగా దొరికే పదార్థాల్లో ఇదొకటి. పెంకులను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నం నురుగులు కక్కుతూ కరిగిపోతుంది. తరువాత పలుచని కాస్టిక్ సోడాలో వేడి చేస్తే మాంసకృత్తులు వదిలిపోతాయి, మిగిలిన తేలికపాటి తెల్లటి పొరలే కైటిన్. దాన్ని 40 నుంచి 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడాలో బాగా వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. చేతిలోకి తీసుకుంటే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి కానీ కైటోసాన్‌ను వెనిగర్ వంటి పుల్లటి నీటిలో వేస్తే మెల్లగా కరిగి చిక్కటి జిగురుగా మారుతుంది, కైటిన్ అలా కరగదు. గాఢమైన ఆమ్లంలో కైటిన్‌ను పూర్తిగా విడగొడితే వచ్చేది పైన చెప్పుకున్న గ్లూకోసమైన్.

వీటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది మాత్రల రూపంలో లేదు. కైటోసాన్‌తో చేసిన గాయం పట్టీలు పారుతున్న రక్తాన్ని ఆపుతాయి. ఎర్ర రక్తకణాల మీద రుణావేశం ఉంటుంది, కైటోసాన్ మీద ధనావేశం ఉంటుంది. పట్టీ తగలగానే కణాలు దానికి అతుక్కుని ముద్దకట్టి గాయాన్ని మూసేస్తాయి. రక్తం గడ్డకట్టే సహజ ప్రక్రియ మీద ఎక్కువగా ఆధారపడదు కనుక రక్తం పలచబడే మందులు వాడేవారికి కూడా పనికొస్తుంది. అమెరికా సైన్యం 2003 ప్రాంతం నుంచి యుద్ధభూమిలో వీటిని వాడుతోంది. రోడ్డు ప్రమాదాల్లో రక్తం పోయి ఆసుపత్రికి చేరేలోపే ప్రాణాలు కోల్పోయేవారిని తలచుకున్నప్పుడు, ఈ పట్టీలు మన అంబులెన్సుల్లో విరివిగా ఉండాలన్నది నా బలమైన కోరిక.

తలల్లోనూ పెంకుల్లోనూ ఉండే ఎర్రటి రంగు పదార్థం ఆస్టాజాంతిన్. పచ్చి రొయ్యలో అది ఒక మాంసకృత్తుతో ముడిపడి ఉండడం వల్ల బూడిద నీలంగా కనిపిస్తుంది. బాణలిలో వేడి తగలగానే ఆ ముడి విడిపోయి రొయ్య నారింజ ఎరుపుకు తిరుగుతుంది. ఇది ప్రయోగశాలలో చాలా చురుకైన యాంటీ ఆక్సిడెంట్ అనడంలో సందేహం లేదు. మనుషుల్లో ఏదైనా జబ్బును నివారిస్తుందని తేల్చిన పెద్ద పరీక్షలు మాత్రం లేవు, పెంపకపు చేపల మేతలో రంగు కోసం వాడకమే దీనికి ఇప్పటికీ పెద్ద గిరాకీ.

ఇక లాభనష్టాల మాట. 100 కిలోల తడి వ్యర్థం ఎండితే 20 నుంచి 25 కిలోలవుతుంది, అందులోంచి చేతికొచ్చే కైటిన్ మూడు నుంచి ఐదు కిలోలు. రొయ్య తలలో జీర్ణరసాలుంటాయి కనుక శరీరంలో మొదట చెడేది తలే. మంచులో పెట్టకుండా కొన్ని గంటలు వదిలేస్తే నల్లబడి వాసన కొడుతుంది, ఆ సరుకుతో మందు స్థాయి పదార్థం రాదు. మూడు నాలుగు గంటల్లోపు పెంకులు మీ తొట్టిలో పడేటట్టు షెడ్లవారితో ఒప్పందం చేసుకోలేకపోతే యంత్రాలు కొని లాభం లేదు. అంతకంటే ముఖ్యమైనది, ఈ పనిలో ఆమ్లం, క్షారం, మాంసకృత్తులు కలిసిన మురుగునీరు విపరీతంగా వస్తుంది. దాన్ని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే అది చేరేది పులికాట్ వైపే. గూడబాతులూ రాజహంసలూ వచ్చే ఆ సరస్సును, దాని మీద బతికే జాలరులను దెబ్బతీసి తయారు చేసిన ఆరోగ్య పదార్థానికి అర్థం లేదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, మురుగు శుద్ధి ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోండి. 1957 నుంచి పనిచేస్తున్న కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కైటిన్, కైటోసాన్ తయారీ మీద దశాబ్దాలుగా కృషి చేసింది, దానికి విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. ముందు అక్కడికి వెళ్లి రండి. మొదటి అడుగుగా మందు స్థాయి సరుకు జోలికి పోకుండా వ్యవసాయానికి, నీటి శుద్ధికి పనికొచ్చే రకం తయారు చేయడం క్షేమం.

ప్రశ్న: భోజనానికి ముందు రెండు కైటోసాన్ గుళికలు వేసుకుంటే తిన్న నూనె, నెయ్యి అంతా ఒంటికి పట్టకుండా బయటకు పోతుందట. బరువు తగ్గడానికి వాడవచ్చా? (ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: కైటోసాన్ కడుపులోని ఆమ్లంలో కరిగి పేగుల్లోకి వెళ్లాక గడ్డకట్టి కొంత కొవ్వును పట్టుకుంటుంది, ఈ మేరకు వారు చెప్పింది నిజం. ఎంత పట్టుకుంటుందన్నదే అసలు ప్రశ్న. మనుషుల మీద కొలిచి చూసినప్పుడు మలంలో అదనంగా పోయిన కొవ్వు రోజుకు రెండు గ్రాములకు మించలేదు, ఆడవారిలో అదీ కనిపించని సందర్భం ఉంది. రెండు గ్రాముల కొవ్వు అంటే 18 క్యాలరీలు. ఒంటి మీది కొవ్వు ఒక కిలో కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు తగ్గాలి, ఈ లెక్కన ఏడాది దాటినా ఒక కిలో తగ్గదు. ఇడ్లీలోకి వేసుకునే నెయ్యి ఒక చెంచా తగ్గిస్తే ఇంతకు రెట్టింపు లాభం డబ్బు ఖర్చు లేకుండా వస్తుంది. 2008లో అన్ని పరీక్షలనూ కలిపి సమీక్షించిన కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ నివేదిక కూడా బరువు మీద దీని ప్రభావం చాలా స్వల్పమని, నాణ్యమైన పరీక్షల్లో ఇంకా తక్కువని తేల్చింది.

చెడు కొలెస్టరాల్ మీద మాత్రం కొంత ప్రభావం ఉంది. రోజుకు 3 గ్రాముల కైటోసాన్ రక్తంలో చెడు కొలెస్టరాల్ సాధారణ స్థాయిలో ఉండడానికి తోడ్పడుతుందన్న మాటను ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో అంగీకరించింది. గుళికలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చూసి లెక్క వేస్తే 3 గ్రాములకు రోజుకు ఆరో ఏడో గుళికలు కావాలి, మీకు చెప్పిన రెండు గుళికలు ఎందుకూ చాలవు. కొవ్వుతో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లను కూడా ఇది పట్టుకుపోగలదు కనుక గర్భిణులు, పిల్లలు వాడకూడదు. మరే మందు వేసుకునేవారైనా దానికీ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి.

ప్రశ్న: రొయ్యలు తింటే నాకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి పెదవులు వాస్తాయి. రొయ్య పెంకుల మాత్రలు నేను వేసుకోవచ్చా? (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: రొయ్యల అలర్జీకి ముఖ్య కారణం పెంకు కాదు, కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు. సక్రమంగా శుద్ధి చేసిన గ్లూకోసమైన్‌లో అది మిగలదు, అలర్జీ ఉన్న కొద్దిమంది మీద జరిగిన చిన్న పరీక్షల్లో ఇబ్బంది రాలేదు కూడా. అయినా శుద్ధి ఎంత బాగా జరిగిందో సీసా చూసి మనం చెప్పలేం. ఉపయోగం ఇంత అనుమానాస్పదంగా ఉన్న మాత్ర కోసం పెదవులు వాచే మనిషి ఆ ప్రయోగం చేయనవసరం లేదని నా సలహా. రొయ్యల అలర్జీ ఉన్నవారికి చేపల అలర్జీ కూడా ఉండి తీరాలని లేదు, రెండింటికీ కారణమయ్యే మాంసకృత్తులు వేరు.

ప్రశ్న: మా నాన్నగారికి నిరుడు గుండెకు స్టెంటు వేశారు. అప్పటి నుంచి రోజుకొక చేప నూనె గుళిక వేస్తున్నాం. ఇది కూడా చేపల వ్యర్థాల నుంచే తీస్తారని విన్నాను. గుండెకు మంచిదేనా? మా చెల్లెలు గర్భవతి, ఆమెకూ ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: చేప నూనె కొంత భాగం డబ్బా చేపల పరిశ్రమలో మిగిలిన తలలు, పేగుల నుంచి, మరికొంత భాగం నూనె కోసమే పట్టే చిన్న చేపల నుంచి వస్తుంది. టూనా చేప తలలో డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ముఖ్యంగా ఎక్కువ. వ్యర్థం నుంచి తీసినా శుద్ధి చేసిన నూనెకు వచ్చిన లోపమేమీ లేదు.

మీ సీసాను వెనక్కి తిప్పి చూడండి. ముందు వైపు 1,000 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అది మొత్తం నూనె బరువు. వెనుక చిన్న అక్షరాల్లో ఈపీఏ (ఇదీ ఒమేగా-3 కొవ్వే) 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది, పనికొచ్చే పదార్థం ఆ 300 మాత్రమే. ఇప్పుడు పరీక్షలు చూద్దాం. గుండె జబ్బు లేని 25,871 మందిలో సగం మందికి రోజుకొక గుళిక చొప్పున ఏళ్ల తరబడి ఇచ్చిన పరీక్షలోనూ, 15,480 మంది మధుమేహ రోగుల మీద జరిగిన మరో పరీక్షలోనూ గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె మరణాలు కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండింటి ఫలితాలూ 2018లోనే వచ్చాయి. అదే ఏడాది వచ్చిన మూడో పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువగా ఉండి, గుండె జబ్బో, ఇతర ముప్పులతో కూడిన మధుమేహమో ఉన్న 8,179 మందిలో సగం మందికి శుద్ధి చేసిన ఈపీఏ రోజుకు 4 గ్రాములు ఇచ్చినప్పుడు ముప్పు 25 శాతం తగ్గింది. అయితే అక్కడ పోల్చడానికి వాడిన ఉత్త గుళికలోని ఖనిజ తైలమే హాని చేసి తేడాను పెంచిందేమోనన్న విమర్శ వచ్చింది, 2020లో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 4 గ్రాములు ఇచ్చిన ఇంకొక పెద్ద పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే ముప్పు కాస్త పెరుగుతుందని మాత్రం చాలా పరీక్షల్లో తేలింది.

అందువల్ల నాన్నగారికి ఇస్తున్న ఒక్క గుళిక వల్ల హానీ లేదు, గుండెకు రక్షణ అనుకోవడానికీ లేదు. ఆయన ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉంటే ఎక్కువ మోతాదు గురించి ఆయన గుండె డాక్టరే నిర్ణయించాలి. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర ఏ పరిస్థితిలోనూ ఆపవద్దు. చేప నూనె ఉంది కదా అని స్టాటిన్ మానేసి మళ్లీ గుండెపోటుతో వచ్చినవారిని చూసిన బాధతో ఈ మాట రాస్తున్నాను. మాంసాహారులైతే వారానికి రెండుసార్లు కవళ్లు, కానాగంతలు వంటి నూనె ఎక్కువగా ఉండే సముద్రపు చేపలు పులుసుగానో ఆవిరి మీదో వండి పెట్టండి. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి మంచి ఆహారమే కానీ వాటిలో ఒమేగా-3 తక్కువ. చేపను నూనెలో మునిగేటట్టు వేయించితే లాభం పోతుంది.

మీ చెల్లెలి విషయంలో రుజువు ఇంతకంటే గట్టిగా ఉంది. 70 పరీక్షలను కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ సమీక్షలో ఒమేగా-3 తీసుకున్న గర్భిణుల్లో నెలలు నిండని కాన్పులు 11 శాతం, 34 వారాలలోపు జరిగే కాన్పులు 42 శాతం తగ్గాయి. ఆమె చేపలు తినని మనిషైతే ఈ సంగతి ప్రస్తావించి ఆమె డాక్టరును అడగండి. కాడ్ చేప కాలేయపు నూనె మాత్రం వద్దు, దానిలో విటమిన్ ఎ అధికంగా ఉంటుంది, గర్భంలోని బిడ్డకు అది మంచిది కాదు. గుళిక కొరికి చూసినప్పుడు ఘాటైన కుళ్లు వాసన వస్తే నూనె చెడిపోయిందని అర్థం, ఎంత ఖరీదైనదైనా పారేయండి.

ప్రశ్న: చేప పొలుసుల నుంచి చేసిన కొల్లాజెన్ పొడి తాగితే చర్మం ముడతలు పోతాయా? నెలకు రెండు వేలకు పైగా అవుతోంది. (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ఈ పొడిని పేగులు చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టుకుంటాయి, వాటిలో కొన్ని రక్తంలోకి చేరడం కొలిచి చూసిన విషయమే. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడినవారి చర్మంలో తేమ, సాగే గుణం కాస్త పెరిగాయని కొన్ని పరీక్షలు చెబుతున్నాయి, అయితే అవి చిన్నవి, చాలావరకు తయారీ సంస్థల డబ్బుతో జరిగినవి. మాంసకృత్తుగా చూసినా ఇది అసంపూర్ణమే, ఇందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు. ఆ రెండు వేలలో పదో వంతుతో గుడ్లు, పప్పులు, జామపండ్లు కొనవచ్చు. తిరుపతి ఎండలో చర్మాన్ని ముడతలు పెట్టేది ముఖ్యంగా ఎండే కనుక గొడుగు, సన్‌స్క్రీన్ మీద పెట్టే ఖర్చుకు ఫలితం ఎక్కువ.

చేప తోలులోని కొల్లాజెన్‌కు నిజమైన విలువ కాలిన గాయాల దగ్గర ఉంది. మనవైపు జిలేబి అని పిలిచే తిలాపియా చేప తోలును సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసి బ్రెజిల్‌లోని సియరా రాష్ట్ర వైద్యులు కాలిన గాయాల మీద కప్పి మంచి ఫలితాలు పొందారు, రోజూ కట్టు మార్చే నరకయాతన రోగులకు చాలావరకు తప్పింది. ఇది చదివి ఇంట్లో ఎవరూ పచ్చి చేప తోలు గాయం మీద వేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: పెంకుల్లో అంత సున్నం ఉంటే, రొయ్యల షెడ్డు నుంచి పెంకులు తెచ్చి ఎండబెట్టి దంచి పిల్లలకు కారంపొడిలో కలిపి పెట్టవచ్చు కదా? (ఒక పాఠకురాలు, సూళ్లూరుపేట)

జవాబు: షెడ్డు నుంచి తెచ్చినవి వద్దమ్మా. అక్కడ నేల మీద పడి ఊడ్చిన పెంకులకు ఎంతసేపు మంచు లేదో, ఏ నీళ్లు తగిలాయో మనకు తెలియదు, ఎండబెట్టినంత మాత్రాన కుళ్లినప్పుడు పుట్టిన విషాలు పోవు. రొయ్య తలలో కాలేయం వంటి అవయవం ఉంటుంది, కాడ్మియం లాంటి లోహాలు పేరుకునేది అక్కడే. తలలను ఎండబెట్టి పొడి చేస్తే అవి మరింత చిక్కబడతాయి. ఇంట్లో కూర కోసం తెచ్చుకున్న తాజా రొయ్యల తలలను అప్పటికప్పుడు కడిగి ఉడికించి ఆ నీళ్లు పులుసులో పోసుకోవడం వేరు, అది ఎప్పుడో ఒకసారి చేసే పని కనుక తప్పు లేదు. పిల్లల ఎముకలకు సున్నం కావాలంటే 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. వారానికి నాలుగు పూటలు రాగి సంగటి, ఒక పూట రాగి జావ, రోజూ ఒక గ్లాసు పాలు లేదా మజ్జిగ ఇవ్వండి, పొద్దున కాసేపు ఎండలో ఆడుకోనివ్వండి.